ఆ కోటు ఎవరి పని

నా బల్ల మీద నలభై నాలుగు పత్రాలున్నాయి. ఒక్కొక్కటి పది పేజీలు. అన్నిటికీ శీర్షిక ఒకటే: 'నేనెవరు, నా పిలుపేమిటి'. ఇరవై ఏడేళ్లుగా ఈ శీర్షిక చూసీ చూసీ, ఎవరైనా మామూలుగా 'మీరెవరండీ' అని అడిగినా నాకు ఒళ్లు మండుతోంది.

మాది లూథరన్ కాలేజీ. లెక్కలు చదివినా రసాయనాలు చదివినా, చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఈ పత్రం రాసి తీరాలి. పిలుపు అనేది పాస్టర్లకి మాత్రమే వచ్చేది కాదని, చెప్పులు కుట్టేవాడికీ, పిల్లల్ని పెంచే తల్లికీ, ఆఫీసు గుమాస్తాకీ కూడా దేవుడు అప్పగించిన పని ఒకటుంటుందని, తనని తాను ఎరిగినవాడికే అదేమిటో తెలుస్తుందని మా వాళ్ల నమ్మకం. నమ్మకం మంచిదే. కానీ ఇరవై ఏళ్ల పిల్లలు తమని తాము ఎరగడం, అదీ సెలవులిచ్చేలోగా ఎరిగి పది పేజీల్లో రాసివ్వడం ఎంతవరకు అయ్యే పనో ఆ నియమం పెట్టినవాళ్లు ఆలోచించినట్టు లేదు. రాసినవన్నీ కూర్చుని చదవాల్సిన ప్రాణి ఒకటుంటుందని అసలే ఆలోచించలేదు.

ఆ ప్రాణిని నేను. నా దగ్గర ఒక ఆకుపచ్చ పెన్ను ఉంటుంది. రాసినవాళ్ల సొంతం కాని వాక్యం కనపడగానే దాని పక్కన 'ఇది ఎవరిది?' అని రాస్తాను. 'చిన్నప్పటినుంచీ నాకు సేవ చేయాలని ఆశ.' ఇది ఎవరిది? 'మా అమ్మే నా తొలి గురువు.' ఆ అమ్మ ఏం నేర్పిందో ఒక్క ముక్క చెప్పకుండా ఆ మాట రాస్తే దాని పక్కనా అదే. నిజంగా రాసినవాళ్లదే అనిపించే మాటలు ఏడాదికి ఒకటో రెండో దొరుకుతాయి. వాటి పక్కన 'ఇది నీదే' అని రాస్తాను. పిల్లలు నాకు 'ఎవరిది మేడం' అని పేరు పెట్టారు. ఎదురుగా అనరు గానీ వరండా మలుపు తిరుగుతుంటే వినపడుతుంది. నాకు బాధేమీ లేదు. వాళ్లు రాసేవాటిలో ఎక్కడినుంచీ ఎత్తి రాయనిది ఆ పేరొక్కటే.

ఈ ఏడాది కొత్త ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. వచ్చిన నెలకే, పిల్లల చేత రాయించేవాళ్లు ముందు తాము రాయద్దా అన్నారు. అధ్యాపకులందరూ వంతులవారీగా రెండు పేజీల పిలుపు పత్రం రాసి, శుక్రవారం ఉదయం ప్రార్థన వేళ కాలేజీ చాపెల్‌లో అందరి ముందూ చదవాలి. మొదటి వంతు నాది. నాదే, ఈ పత్రం కోసం నేను చెప్పే కోర్సు పాఠ్యపుస్తకం మొదటి పేజీలో అచ్చు వేస్తారట. తనని తాను ఎరగడమంటే ఏమిటో రాబోయే పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటారట. మీటింగులో ఆయన ఆ మాట అనగానే తమ వంతు ముందు రానందుకు మిగతావాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. చప్పట్లు కూడా కొట్టారు.

నేను దాన్ని గంటలో రాసేశాను. ఆలోచించాల్సిన పనేముంది? ప్రతి ఏడూ మొదటి క్లాసులో పిల్లలకి చెప్పేదే. నాకు తొమ్మిదేళ్లప్పటి మాట. నాన్న దర్జీ. స్టేషన్‌మాస్టరు ఒకాయన కోటుకి మంచి ఉన్ని బట్ట ఇచ్చాడు. కోటు వీపు ముక్కని నాన్న పొరపాటున నాలుగు వేళ్లు తక్కువగా కత్తిరించాడు. ఏదో అతుకు వేసి కప్పిపుచ్చొచ్చు. నాన్న అలా చేయలేదు. నా చెయ్యి పట్టుకుని ఆయన ఇంటిదాకా నడిచి వెళ్లి, ఆయన అడగకముందే, 'ఇది నా చేతి తప్పండీ' అన్నాడు. తిరిగొస్తూ నాతో, 'చెప్పేశాక చెయ్యి తేలికైంది' అన్నాడు. తన పనికి తానే పేరు పెట్టుకోగలవాడే మనిషి అని నాకు ఆ రోజు తెలిసింది. నేను పంతులమ్మనవ్వడానికి అదే కారణం. రాసి చూసుకుంటే ఎక్కడా పెన్ను పెట్టే పని లేదనిపించింది.

నాన్న గురించి రాశాను కదా, అక్కకి ఒకసారి చూపిద్దామని మంగళవారం మధ్యాహ్నం తీసుకెళ్లాను. అక్క రెండు వీధుల అవతల ఉంటుంది. నాన్న మిషను ఆవిడకే వచ్చింది. వదులు చేయడం, బిగించడం, చిరుగులు కుట్టడం చేస్తుంది. నా క్లాసులో ఎప్పుడూ కూర్చున్న మనిషి కాదు కాబట్టి ఈ సంగతి నేను చెబుతుంటే ఎన్నడూ వినలేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తోంది. కాగితాలు అందుకుని, కళ్లజోడు పైకి నెట్టి చదివింది. తరవాత సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"బాగుంది. ఎవరి నాన్నే ఈయన?" అంది.

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

"నాన్న ఎవరింటికీ వెళ్లలేదు. స్టేషన్‌మాస్టరే కొట్టుకొచ్చాడు. ముక్క చూసి, ఎవరి పనిది అని అడిగాడు. నువ్వు బల్ల కింద గుండీలు ఏరుకుంటున్నావు. నాన్న నిన్ను చూపించి, పిల్ల కత్తెరతో ఆడుకుంది సార్ అన్నాడు. నువ్వు లేచి నిలబడ్డావు. ఆయన నమ్మాలిగా, నాన్న నీ చెంప మీద ఒక దెబ్బ కూడా వేశాడు. నువ్వు నోరెత్తలేదు."

నీకు వయసు మీద పడింది, మతి తప్పుతోంది అన్నాను. అక్క తగువుకి రాలేదు. ఆ తరవాత నేను రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని, మూడో రోజు నాన్న కూర్చుని నాకు రెండు జేబులున్న నీలం గౌను కుట్టాడని, నేను దాన్ని ముట్టుకోలేదని, పారేయడం ఇష్టంలేక తనే వేసుకు తిరిగానని, మిషను కాలితో తొక్కుతూనే చెప్పింది. నేను కాగితాలు లాక్కుని బయటికొచ్చేశాను.

వీధి మలుపు దాకా అక్క మీద కోపంతోనే నడిచాను. మలుపులో ఆ గౌను గుర్తొచ్చింది. నీలం గౌను, రెండు జేబులు, చంకల దగ్గర బిగుసుకుపోయి ఉండేది. తనకంటే పొట్టి గౌను వేసుకుని అక్క ఎందుకు తిరిగేదో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. అక్కడే ఒక ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాను. చెంప మీద దెబ్బ గుర్తుకు రాలేదు. గౌను మాత్రం కుట్టుతో సహా గుర్తొచ్చింది.

సరే, అక్క చెప్పిందే నిజమనుకుందాం. మరి ఆ రెండో నాన్న నాకు ఎక్కడినుంచి వచ్చాడు? స్టేషన్‌మాస్టరు ఇంటికి నడిచినవాడు, చెయ్యి తేలికైందన్నవాడు? ఇరవై ఏడేళ్లలో వెయ్యిమందికి పైగా పిల్లల జీవితాలు చదివాను. వాటిలో ఎవరి నాన్ననో తెచ్చుకుని నా ఇంట్లో కూర్చోబెట్టుకున్నానేమోనన్న అనుమానం రాగానే అరుగు మీంచి లేచాను.

కాలేజీలో పాత పత్రాలేవీ పారేయరు. లైబ్రరీ వెనక గదిలో ఏడాదికో అట్టపెట్టె చొప్పున దొంతర్లు పెట్టారు. బుధవారం లైబ్రేరియన్ దగ్గర తాళం తీసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ల తరవాత వాటితో నాకేం పనని ఆవిడ అడిగింది. చూసుకోవాలన్నాను. దుమ్ముకి తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రబడింది. పెట్టె తరవాత పెట్టెలో నా రాతే కనపడుతోంది, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని. ఇంత మంది పిల్లల్ని ఇన్నిసార్లు అదే ప్రశ్న అడిగానా అని నాకే విసుగొచ్చింది. గురువారం పొద్దున, ఇరవై ఏళ్ల కిందటి పెట్టెలో దొరికింది.

దర్జీ కొడుకు రాసింది. డాక్టరు ఒకాయన కోటు. తప్పు కత్తిరింపు. కొడుకు చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి నడక. 'చెప్పేశాక చెయ్యి తేలికైంది.' ఆ వాక్యం కింద ఆకుపచ్చ సిరాతో రెండు గీతలు. పక్కన 'ఇది నీదే'. నేను ఇంకెవరికీ రెండు గీతలు గీసినదాన్ని కాదు. అట్ట తిప్పి పేరు చూశాను. మా చాప్లిన్‌ది.

అతను ఇక్కడే చదివి, సెమినరీకి వెళ్లి, పాస్టరై తిరిగొచ్చాడు. ఎనిమిదేళ్లుగా కాలేజీ చాపెల్ చూస్తున్నాడు. పదిమందిలో నేను చాప్లిన్‌గారూ అంటాను, ఒంటరిగా ఉంటే నువ్వు అంటాను. ప్రతి ఏడూ నా మొదటి క్లాసుకి వచ్చి ప్రార్థన చేసి, వెనక బెంచీలో కూర్చుని, నేను చెప్పేదంతా వింటాడు. ఎనిమిదిసార్లు తన నాన్న కథ నా నోట విన్నాడన్నమాట.

చాపెల్‌కి వెళ్లేసరికి అతను స్టూలెక్కి మర్నాటి పాటల అంకెలు గోడబోర్డులో అమరుస్తున్నాడు. నా చేతిలోని పత్రం చూసి దిగాడు. ఎనిమిదేళ్లుగా వింటున్నావు కదా, ఒక్కసారైనా చెప్పద్దా అని అడిగాను. మొదటి ఏడాది యాదృచ్ఛికమనుకున్నాడట. దర్జీలిద్దరు, కోట్లు రెండు, ఉండకూడదా అనుకున్నాడట. చెయ్యి తేలికైందన్న మాట విన్నాక మాత్రం అర్థమైందట.

"మరి?"

"చెప్పాలంటే ఇంకోటి కూడా చెప్పాలి మేడం." చేతిలోని అంకెల పలకల్ని పెట్టెలో సర్దాడు. "మా నాన్న అలా ఎవరింటికీ వెళ్లలేదు. బట్ట మిగుల్చుకుని, మిగల్లేదని ఒట్టేసేవాడు. నా పత్రాన్ని మీరు మూడుసార్లు తిప్పి పంపారు. పేజీ నిండా ఎవరిది, ఎవరిది. నా దగ్గర నాదంటూ ఏమీ మిగల్లేదు. ఇక నాకు ఎలాంటి నాన్న కావాలో అది రాశాను. మీరు ఇది నీదే అన్నారు."

నేను ముందు బెంచీ మీద కూర్చున్నాను.

అప్పటికి అతను బ్యాంకు పరీక్షకి చదువుతున్నాడట. నేను గీసిన ఆ రెండు గీతలు చూసి భయమేసిందట. ఒకరు నమ్మి నీదే అన్నాక, దాన్ని నిజం చేయకపోతే దొంగనవుతాననిపించిందట. ఆ భయంతోనే బ్యాంకు మానుకుని ఇటొచ్చాడు. పాస్టరయ్యాక ఎంతమంది తప్పులో ఈ చాపెల్‌లోనే కూర్చుని విన్నాడు. తనది మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. నేను ఆ కథ చెప్పినప్పుడల్లా, నా దగ్గరైనా ఆ నాన్న నిజమై ఉంటే బాగుండునని వెనక బెంచీలో కూర్చుని అనుకునేవాడట.

నవ్వొచ్చింది. ఏడుపొచ్చే ముందు వచ్చే నవ్వు. దొంగ వాక్యాన్ని పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరని ఇరవై ఏడేళ్లు మురిసిపోయాను. జీవితంలో ఒక్కసారి రెండు గీతలు గీస్తే, అది కాస్తా అల్లిన కథ. అది చాలదన్నట్టు దాన్నే ఇంటికి పట్టుకుపోయి నాదని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ గీతలు కొట్టేయమన్నాడు. పెన్ను తీశాను గానీ చెయ్యి రాలేదు.

"ఇరవై ఏళ్లు మోశావు. ఇప్పుడు దీన్ని కొట్టేస్తే నిన్ను కొట్టేసినట్టే. నీది నువ్వు తీసుకో. నాకొద్దు," అని పత్రం అతని చేతిలో పెట్టాను.

అతను నాకు ఒక దారి చూపించాడు, పాపం. రేపు ఉన్నది ఉన్నట్టు చదివేయమన్నాడు. ఎవరికీ తెలియదు, పిల్లలకి ఆ కథంటే ఇష్టం, తను నోరు విప్పడు. లేదంటే నాకు జ్వరమని ప్రిన్సిపాల్‌గారికి చెబుతానన్నాడు. నాకు నిజంగానే ఆశ పుట్టింది. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, అలిసిపోయాను, ఇంట్లో ఇంకా నలభై నాలుగు పత్రాలున్నాయి. ఆ మంచి నాన్నని తీసేస్తే నాకు మిగిలేదేమిటి? చేయని తప్పుకి దెబ్బ తిని, కిక్కురుమనకుండా నిలబడ్డ పిల్ల. ఆ పిల్లని మొదటి పేజీలో ఎవరు అచ్చు వేస్తారు?

ఇంటికెళ్లి బల్ల ముందు కూర్చున్నాను. నా రెండు పేజీలు ముందు పెట్టుకుని, పిల్లల పత్రం చదివినట్టే మొదటినుంచీ చదివాను. స్టేషన్‌మాస్టరు ఇంటిదాకా నడక, ఇది ఎవరిది? చెయ్యి తేలికైంది, ఇది ఎవరిది? మూడోసారి రాస్తుండగా పెన్ను ఆగింది. ఆ ప్రశ్న నాదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నాది కాదు. అది స్టేషన్‌మాస్టరు అడిగిన ప్రశ్న. ఎవరి పనిది అని ఆయన అడిగితే నేను జవాబు చెప్పలేదు. చెప్పలేక, దాన్ని పట్టుకొచ్చి వెయ్యిమందికి పైగా పిల్లల్ని అడిగాను.

నాన్న మీద కోపం వచ్చింది. యాభై ఏళ్లు ఆలస్యంగా, కానీ బాగానే వచ్చింది. ఆ వెనకే గౌను కూడా వచ్చింది. మూడో రోజు కొట్టు మూసి, మిగతా పనంతా పక్కన పెట్టి, అడగకపోయినా రెండు జేబులు పెట్టి కుట్టిన గౌను. ఒకే మనిషి ఒకే గడియలో నీతిమంతుడూ పాపీ అన్న మా లూథరన్ సూత్రాన్ని ఇరవై ఏడేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. పరీక్షలో వచ్చే ప్రశ్న కదా, రాసుకోండి అనేదాన్ని. అది మా ఇంటి సంగతని నాకు తట్టనే లేదు. కొత్త కాగితం తీసుకుని రాశాను. రెండు పేజీలు కాదు కదా, సగం కూడా రాలేదు.

శుక్రవారం ఉదయం చాపెల్ నిండింది. అక్క ఎప్పుడొచ్చిందో, చివరి వరసలో తలుపు దగ్గర సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాప్లిన్ నల్ల అంగీలో పక్కకి తప్పుకుని నాకు చోటిచ్చాడు. నేను తల ఎత్తకుండా చదివాను. మొదటి క్లాసులో మీకు చెప్పిన నాన్న నా నాన్న కాడని, ఆయన్ని నేను ఒకరి దగ్గర తీసుకున్నానని, తీసుకున్నట్టు నాకే తెలియదని చదివాను. కొట్టులో జరిగింది చదివాను. గౌను గురించి చదివాను. నా పిలుపేమిటో ఈ వయసులో కూడా నాకు సరిగా తెలియదని, తెలిసిందల్లా ఒక ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నానని మాత్రమేనని చదివాను. ఆ జవాబు దగ్గరికొచ్చేసరికి నా గొంతు నాకే వినపడనంత తగ్గింది. ఎలాగో అన్నాను. మైకు అందుకుందో లేదో నాకే తెలియలేదు.

చాపెల్‌లో చప్పట్లు కొట్టరు, అదొక్కటే మేలు. చాప్లిన్ పాట సంఖ్య చెప్పాడు, అదీ బోర్డు మీదున్నది కాకుండా వేరేది చెప్పాడు. పిల్లలు సగంమంది ఒకటి, సగంమంది ఇంకొకటి ఎత్తుకున్నారు. వచ్చే శుక్రవారం అతని వంతు. ఏం చదువుతాడో నేను అడగలేదు. బయటికొచ్చాక ప్రిన్సిపాల్‌గారు నా చెయ్యి పట్టుకుని, చాలా కదిలించిందండీ అని, మొదటి పేజీ సంగతి మాత్రం కాస్త ఆలోచిద్దాం అన్నారు. అలాగే అన్నాను.

అక్కా నేనూ నడిచి వెళ్తున్నాం. ఎండ ముదురుతోంది. అక్క మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా నడుస్తుంది, నేనూ నెమ్మదిగానే నడిచాను. బజారు దాటాక అక్క ఆగింది.

"చివర్లో ఏదో అన్నావు. వెనక వరసకి వినపడలేదు," అంది.

చుట్టూ చూశాను. సైకిల్ బాగుచేసుకుంటున్న ఒకాయన తప్ప ఎవరూ లేరు.

"ఆ కోటు పాడుచేసింది నేను కాదు అన్నాను," అన్నాను. ఈసారి గొంతు బాగానే పలికింది. సైకిలాయన తలెత్తి చూశాడు.

అక్క సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాకు తెలుసే," అంది. "నాన్న కత్తిరిస్తుంటే బట్ట రెండో కొస పట్టుకుంది నేనే."

నేను ఆవిడ వైపు చూశాను. అక్క నా వైపు చూడలేదు. రోడ్డు మీదే చూపు నిలిపి, "నేను కూడా నోరెత్తలేదు," అంది. ఆ పొట్టి గౌను అక్క ఎందుకు వదలకుండా వేసుకు తిరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. సంచీ నేను తీసుకున్నాను, అక్క ఇచ్చింది, ఇద్దరం ఇంటికి నడిచాం.